శంఖువలసకు అర్థం కాని సవరణ

జమీలాబీ మణికట్టుకి పట్టీ కట్టి, పలక మీద అంకె సున్నా దగ్గర నిలిచిందని చూసుకున్నాక గాని హైమవతి నోరు విప్పలేదు. పొద్దున్న ఏడున్నరైంది. నాగులపేటలో అది మూడో గడప. జమీలాబీ కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే, రెండో చేత్తో జాకెట్టు గుడ్డ సర్దుకుంటూ, "తొందరగా చెప్పండి మేడం, పెళ్ళివాళ్ళొచ్చేస్తారు" అంది.

"వీధి తలుపు తీసిపెట్టుకుని కుడతావు కదూ?"

"వెలుతురు కావద్దా మరి? ఈ గదికి కిటికీ ఎక్కడేడ్చింది?"

"దారిన పోయేవాడికి నీ గుమ్మంలోంచి ఏం కనిపిస్తుంది?"

"మిషను. హేంగర్లకి జాకెట్లు."

"వాడు దీన్ని ఇల్లనుకుంటాడా, కొట్టనుకుంటాడా?"

జమీలాబీ ఫక్కున నవ్వింది. "కొట్టే అనుకుంటాడు. మొన్నొకడు సరాసరి లోపలికొచ్చి లుంగీలున్నాయా అనడిగాడు!"

"సవరణ కూడా అదే అంటోంది. చూసేవాడికి కొట్టులా కనిపించేది కొట్టే. కొట్టులో కాపురం ఉండకూడదు."

అంకె ఎనభై ఎనిమిదికి వెళ్ళి ఆగింది. పట్టీ సన్నగా కిర్రుమంది. చట్టం అంటుకుంది.

హైమవతి ఈ ఉద్యోగంలో తొమ్మిదేళ్ళుగా చూస్తున్నది ఒకటే. ఏదైనా సంగతి అర్థమైనప్పుడు మనిషి మొహం వెలుగుతుంది. అది ఎలాంటి సంగతైనా సరే, వెలిగి తీరుతుంది. ఆ తరవాతి క్షణంలో, తనకి అర్థమైంది ఏమిటో అర్థమవుతుంది. జమీలాబీ నవ్వు పెదాల మీద ఉండగానే కళ్ళు తలుపు వైపు తిరిగాయి. తలుపు మూస్తే చీకటి, తెరిస్తే నేరం. "అంటే రేపట్నుంచి..." అని ఆగిపోయింది. హైమవతి పట్టీ విప్పి సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయటికొచ్చేసింది. ఓదార్చడం తెలుపరి విధుల్లో లేదు. ఒకప్పుడు ఉండేదట, దానివల్ల అంకె తగ్గుతోందని తీసేశారు.

తెలియని చట్టం ఎవరినీ కట్టదు. ఆ ఒక్క వాక్యం కోసం ముప్ఫయ్యేళ్ళ కిందట జనం నెలల తరబడి రోడ్ల మీద కూర్చున్నారు. కోర్టు గుమాస్తాగా పనిచేసిన హైమవతి తండ్రి కూడా కూర్చున్నాడు, రెండుసార్లు లాఠీదెబ్బలు తిన్నాడు. పొద్దున లేస్తే కొత్త చట్టం, సాయంత్రానికి దానికి సవరణ, మర్నాటికి ఆ సవరణకింద జైలు. ఎవడికి తెలుస్తుంది, ఎందుకు తెలియాలి అని అడిగిన పాపాన పోయినవాడు లేని రోజులవి. చివరికి ఎరుక చట్టం వచ్చింది. అర్థమైన మనిషికే చట్టం అంటుతుంది, అర్థం కానివాడి జోలికి పోకూడదు. ఆ రోజు తండ్రి ఇంటికి జిలేబీ తెచ్చి, ఇక పేదవాడికి భయం లేదన్నాడు.

ప్రభుత్వం మాత్రం ఏడవలేదు. బాగా అర్థమయ్యేలా చెప్పేవాళ్ళెవరా అని వెతకడం మొదలుపెట్టింది. బళ్ళు మూతపడి ఇంట్లో కూర్చున్న పంతుళ్ళందరినీ పిలిచి తెలుపరులని పేరుపెట్టి, పలకా పట్టీలూ చేతికిచ్చింది. ఆ పంతుళ్ళలో హైమవతి అందరికంటే బాగా చెప్పేది. ఆమె సగటు తొంభై ఒకటి. మూడు జిల్లాల్లో అంత సగటు ఇంకెవరికీ లేదు. మంచి పేరు తెచ్చుకోవడం అంటే ఇంత పాపం మూటగట్టుకోవడమని పాఠాలు చెప్పే రోజుల్లో ఆమెకి తెలీదు.

"మేడం, నాగులపేట ఆపేయండి" అన్నాడు చెవిలో పెట్టుకున్న యంత్రంలోంచి ఫల్గుణరావు. జిల్లా కేంద్రంలో కూర్చుని ఇరవైమంది తెలుపరులను నడిపే పర్యవేక్షకుడతను. "మిమ్మల్ని శంఖువలసకి పంపమన్నారు. నలభై మూడో సవరణ. ఇవాళ నూట ఎనభయ్యో రోజు."

హైమవతికి చెప్పక్కర్లేదు. పాఠం వచ్చిన నూట ఎనభై రోజుల్లో ఊరికి అంటని సవరణ ఆ ఊరికి మురిగిపోతుంది. మళ్ళీ తెచ్చే వీల్లేదు.

"ఇదివరకు వెళ్ళినవాళ్ళు?"

"ఇద్దరు. మొదటతనికి ఊరు పందొమ్మిది ఇచ్చింది, రెండో ఆవిడకి ఇరవై నాలుగు. చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చారు. డెబ్భై కావాలి మేడం. సాయంత్రం అయిదులోపు. మీరైతే తొంభై తెస్తారని పైవాళ్ళకి నేనే మాటిచ్చాను."

బండి సముద్రం వైపు తిరిగింది. హైమవతి పలక మీద పాఠం తెరిచింది.

తీరరేఖా స్థిరీకరణ అధినియమము, నలుబది మూడవ సవరణ. లవణజల స్పర్శ త్రివారము నమోదితమైన గృహద్వార సీమాంతర్గత భూభాగము ఆదినుండియు సముద్రముగానే యుండినట్లు భావింపబడవలెను. తత్పూర్వ హక్కులు, స్వాధీనములు, అనుభవములు అనుద్భూతములుగా పరిగణింపబడును.

ఆమె రెండుసార్లు చదివింది. తెలుపరికి ముందు తనకి అర్థం కావాలి, తన చేతికీ ఒక పట్టీ ఉంటుంది. రెండోసారి చదువుతుండగా అది కిర్రుమంది. మూడుసార్లు ఉప్పునీళ్ళు తగిలిన గడప లోపలంతా సముద్రం. ఇవాళ్టి నుంచి కాదు, మొదట్నుంచీ సముద్రమే. సముద్రంలో ఇళ్ళుండవు, పట్టాలుండవు, ఓట్లుండవు. ఇల్లు పోయిందని అడగడానికీ లేదు, సముద్రానికి సముద్రం పోదు కదా. నూట పద్దెనిమిది గడపల శంఖువలస అసలు పుట్టనే లేదని నాలుగు ముక్కల్లో చెప్పేశారు. రాసినవాడెవడో గాని ఘటికుడు అనుకుంది.

వెంటనే, అలవాటుకొద్దీ, దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. ప్రతి పాఠానికీ ఒక కీలుమాట ఉంటుంది. అది దొరికితే తలుపు దానంతటదే తిరుగుతుంది. బండి ఇసుక దారిలో పడేసరికి దొరికింది. మూడు మాటలు చాలు. ఆమెకి కాస్త సంతోషం కూడా కలిగింది, దానికి ఆ తరవాత చాలాసార్లు సిగ్గుపడింది.

శంఖువలస రెండో గట్టు వెనక ఉంది. మొదటి గట్టుతోపాటు పాత ఊరు పన్నెండేళ్ళ కిందటే సముద్రంలో కలిసిపోతే, ప్రభుత్వమే వాళ్ళని ఇక్కడికి తెచ్చి పట్టాలిచ్చి, ప్రతి గడపలోనూ ఉప్పునీళ్ళు తగిలితే లెక్కపెట్టే ఉప్పుమేకు ఒకటి దిగ్గొట్టింది. నీళ్ళొస్తే ముందుగా తెలుస్తుందనీ, ప్రాణాలు కాపాడటానికేననీ చెప్పింది. హైమవతి బండి దిగి గట్టు మీద నిలబడి చూసింది. అల గట్టుకి రెండు వందల గజాల అవతలే చతికిలబడి వెనక్కి పోతోంది. ఇళ్ళ ముందు పేడతో అలికిన నేల పొడిగా, ముగ్గులతో ఉంది. ఎక్కడా అల వచ్చిన జాడ లేదు.

ఊరు ఊరంతా వలల పాక దగ్గర చేరి ఉంది. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకున్నారు. ఒకావిడ గాబరాగా ఎదురొచ్చి హైమవతి చేతిలో సంచి అందుకుంది. ఎండుచేపలమ్ముకునే సూరాడ కాసులమ్మ ఆవిడ. అరవై దాటినా నిటారుగా ఉంది, ఊరికి నోరూ వాయీ ఆవిడే.

"రా మేడమ్మా, రా. నువ్వొస్తన్నావని తెలిసి పొద్దుట్నుంచి ఇదే ముచ్చట. ముందొచ్చినోలు ఏటి సెప్పేరో మాకు బోధపడనేదు. నువ్వు సెప్తే గొడ్డుక్కూడా తెలుస్తదంట గదా?"

"మీరు తెలుసుకోవాలనే అనుకుంటున్నారా?" అని అడిగింది హైమవతి. ఆమె వెళ్ళే ఊళ్ళలో జనం చెవుల్లో దూది పెట్టుకుంటారు, తాగి పడిపోయినట్టు నటిస్తారు, పిల్లల్ని గిల్లి ఏడిపిస్తారు. ఇలా చీరలు మార్చుకుని కూర్చోరు.

"ఓలమ్మ, వద్దంటామేటి? శాశ్వత పట్టాలంట గదా! తీరం సంగతి, గడపల సంగతి అన్నారు. దానయ్య మావ అదే అన్నాడు."

అరుగు మీద కూర్చున్న ముసలాయన తల ఊపాడు. మైలపల్లి దానయ్య కులపెద్ద, హరికథలూ పురాణాలూ వినీ వినీ చెవి పండినవాడు. "స్థిరీకరణ అన్న మాటొచ్చింది తల్లీ అందల. స్థిరంగా ఉంచుతారనే గదా" అన్నాడు.

హైమవతి కాసులమ్మ ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని ఊళ్ళోకి నడిచింది. మొదటి గడప దగ్గర వంగి చూసింది. ఉప్పుమేకు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. పక్కింటి గడపకీ అంతే. అన్నిటికీ అంతే.

"ఇక్కడికి సముద్రం ఎప్పుడొచ్చిందమ్మా?"

"ఎప్పుడూ రానేదే. ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళయింది. ఒక్కపాలి అల గట్టు తాకనేదు."

"మరి ఈ ఉప్పు?"

కాసులమ్మ ముసిముసిగా నవ్వింది. "ఇదేటి మేడమ్మా, నీకు తెల్దేటి? ఊళ్ళోకి కొత్తకోడలొస్తే ముందు గంగమ్మ రావాల, ఎనక కోడలు రావాల. ఆడోలందరం కడవల్తో సముద్రపు నీళ్ళు తెచ్చి గడపలు కడుగుతాం. ఒక్కింటికి కోడలొచ్చినా ఊరంతా కడగాల. నేకపోతే తల్లి అలుగుద్ది. మొన్న మాఘమాసంలో మూడు పెళ్ళిళ్ళయ్యాయి, మూడుపాలీ కడిగేం. నడుములిరిగిపోనాయనుకో."

హైమవతి చేతిలో టీ చల్లారిపోయింది. మూడు పెళ్ళిళ్ళు. మూడుసార్లు, నూట పద్దెనిమిది గడపల్లో, ఒక్కటీ వదలకుండా. ఊరు కాపాడమని పిలిచిన తల్లి చేతే ఊరిని తీసేయిస్తున్నారు.

ఆమె పడవల చాటుకి వెళ్ళి ఫల్గుణరావుని పిలిచింది. సంగతంతా చెప్పింది. అతను వినీ వినగానే నిట్టూర్చాడు.

"పాపమే మేడం. కానీ నీళ్ళు ఎలా వచ్చాయన్నది పాఠంలో లేదు. వచ్చాయా, లేదా అన్నదే ఉంది."

"మనుషులు మోసుకొచ్చి పోసిన నీళ్ళండీ అవి. సముద్రం కాదు."

"మేకుకి ఉప్పే తెలుస్తుంది, ఎవరు పోశారో తెలీదు."

"అభ్యంతరం పెట్టించవచ్చా?"

"పెట్టించవచ్చు. అభ్యంతరం చెప్పాలంటే వాళ్ళకి ముందు సవరణ అర్థం కావాలి. అర్థమైతే అంటుకుంటుంది. అంటుకుంటే వాళ్ళు సముద్రంలో ఉన్నట్టు. సముద్రంలోంచి అభ్యంతరాలు తీసుకోరు." అతను కాస్త మెత్తగా అన్నాడు. "మీరు చెప్పకపోతే ఇంకొకరు చెప్తారు అనడానికి కూడా టైం లేదు మేడం. ఇవాళే ఆఖరు. మనం పాఠం రాయలేదు. చెప్తున్నామంతే."

చెప్తున్నామంతే. తొమ్మిదేళ్ళుగా ఆమె తనకి తను చెప్పుకున్న మాట కూడా అదే. ఇంకొకరి నోట వింటే ఎంత రోతగా ఉందో.

మధ్యాహ్నం రెండున్నరకి అందరూ పాకలో కూర్చున్నారు. గడపకి ఒకరు చొప్పున నూట పద్దెనిమిది పట్టీలు, అడక్కుండానే చేతులు చాపి కట్టించుకున్నారు. కాసులమ్మ ముందు వరసలో కూర్చుంది. పలక మీద ఊరి అంకె సున్నా చూపించింది. హైమవతి గొంతు సవరించుకుంది. లేచి నిలబడితే చాలు, పాఠం దానంతటదే నోటికొచ్చే మనిషి. ఆ ఊపులో మొదటి ప్రశ్న వచ్చేసింది.

"సముద్రంలో మీ దానయ్య మావకి ఎన్ని సెంట్లుంది?"

పాక పాకంతా ఘొల్లుమంది. "సముద్రంలో సెంట్లేటి!" అన్నాడు దానయ్య కూడా నవ్వుతూ.

అంకె ముప్ఫై నాలుగు.

"హద్దురాయి పాతుకున్నారా పోనీ?"

"నీటిమీద రాయి పాతేదెవుడమ్మా? సముద్రం ఎవుడిదీ కాదు. దానికి పట్టా ఉండదు, పన్నుండదు, ఓటుండదు" అంది కాసులమ్మ. అందరూ తలలూపారు. ముందుకి వంగారు. మొహాలు ఒక్కొక్కటిగా వెలగడం మొదలుపెట్టాయి.

అంకె అరవై ఒకటి.

ఇంక ఒక్క మాట. మీ గడపలోపల ఉన్నది సముద్రమని రాసుకున్నారు, అంటే చాలు. అది ఆమె నాలుక చివర ఉంది. పాకలో అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు. హైమవతి వాళ్ళ మొహాల్లో ఉన్న నమ్మకాన్ని చూసింది. చట్టం తెలియక చెడిపోయినవాళ్ళని తండ్రి చూశాడు. తెలిసి చెడిపోయేవాళ్ళని తను తయారుచేస్తోంది, అదీ ఇంత బాగా.

ఆమె పలక కళ్ళకెదురుగా పెట్టుకుంది.

"తీరరేఖా స్థిరీకరణ అధినియమము," అని చదవడం మొదలుపెట్టింది, "నలుబది మూడవ సవరణ. లవణజల స్పర్శ త్రివారము నమోదితమైన గృహద్వార సీమాంతర్గత..."

ఎత్తుపల్లాల్లేకుండా, ఎక్కడా ఆగకుండా, గుక్క తిప్పుకోవలసిన చోట కాకుండా ఇంకోచోట గుక్క తిప్పుకుంటూ చదివింది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంకె యాభైకి జారింది, నలభైకి జారింది. "సముద్రముగానే" అన్న మాట దగ్గర మాత్రం దానయ్య తల పైకెత్తాడు, అంకె చివుక్కున నలభై ఆరుకెగిరింది. ముసలాయన ఆ మాటని పట్టుకుని తిరగేస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఆమె మిగతా వాక్యం గబగబా మింగేసి నేరుగా అనుబంధాల్లోకి దూకింది. అనుబంధాలు నలభై పేజీలు. అక్షాంశాలు, రేఖాంశాలు, లవణ శాతాలు, మేకుల క్రమసంఖ్యలు. ప్రభుత్వం తనకోసం తను రాసుకున్న రాత అది, మనుషులకోసం రాసింది కాదు.

"మేడం, ఏం చేస్తున్నారు?" అన్నాడు చెవిలో ఫల్గుణరావు. "అంకె పడిపోతోంది!"

ఆమె పద్దెనిమిదో పేజీ చదువుతోంది.

"కీలుమాట వెయ్యండి మేడం! మేడం!"

పాకలో మాటలు మొదలయ్యాయి. ఎవరో లేచి బీడీ ముట్టించుకున్నారు. ఎవరో అన్నారు, "మొదలు బాగానే ఉన్నాది, దీనికేటి పుట్టింది?" కాసులమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మేడమ్మా, ఆ సదువుడు ఆపు. ఇందాక సెప్పినట్టు సెప్పు. మాకు బోధపడేలా సెప్పు."

హైమవతి ఆవిడ వైపు చూడలేదు. చూస్తే చెప్పేస్తుంది. ఇరవయ్యేళ్ళు పంతులమ్మగా బతికిన మనిషి, అర్థం కాలేదన్న మొహానికి ఎదురుగా నిలబడి నోరు మూసుకోవడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. "పాఠం ఇదేనమ్మా" అంది పొడిగా, పేజీ తిప్పుతూ.

"ముందొచ్చినోలు నయం. ఆలకి రాక సెప్పనేదు. ఈమెకి సదువుకున్న పొగరు" అన్నారెవరో వెనకనుంచి. ఆడవాళ్ళు లేచిపోవడం మొదలుపెట్టారు, పట్టీలు కట్టి ఉన్నాయి కాబట్టి మళ్ళీ కూర్చున్నారు. ఆమె చదువుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఎవరూ మంచినీళ్ళివ్వలేదు.

అయిదు గంటలకి పలక మూడుసార్లు మోగింది. శంఖువలస అంకె పదకొండు. నలభై మూడో సవరణ మురిగిపోయింది. కారణం నమోదు చేయండి అని పలక అడిగింది.

ఫల్గుణరావు గొంతు తగ్గించాడు. "మేడం, వినండి. ఒంట్లో బాగులేదని పెట్టండి. అలా పెడితే ఒక్కరోజు గడువిస్తారు, రేపు నేనే ఇంకొకర్ని పంపుతాను, మీకేం కాదు. మీరు కావాలనే చెప్పలేదని తేలిందా, గడువు మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది, మీరు జైలుకి పోతారు."

"చేతకాక అని పెడితే?"

అతను నిబంధన చూసి చెప్పాడు. "చేతకాక అయితే ఊరికి సవరణ పోయినట్టే, మళ్ళీ రాదు. కానీ మేడం, చేతకాని తెలుపరి చెప్పినవి చెల్లవు. మీరు తొమ్మిదేళ్ళలో చెప్పినవన్నీ ఆగిపోతాయి. నలభై ఒక్క వేల గడపలు! అయినా మీకు చేతకాదంటే ఎవరు నమ్ముతారు? మీ మాట చాలదు. విన్నవాళ్ళ ఫిర్యాదు ఉండాలి."

ఫిర్యాదు వెతుక్కుంటూ వచ్చినట్టే కాసులమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. వెనక పదిమంది ఆడవాళ్ళు.

"మాకు కాయితం పెట్టే హక్కున్నాదంట గదా. నీమీద పెడతాం. నువ్వే రాయాలంట గదా, మేం సెప్పినట్టు. రాయి."

అది నిజమే. ఫిర్యాదీ మాటల్లోనే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోవాలి. కారణం కింద ఫిర్యాదీ ఏ మాటంటే అదే ఖాయం. హైమవతి పలక ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది.

"శంఖువలస ఊరోలం సెప్పేది," అంది కాసులమ్మ. "ఈ మేడమ్మ వస్తాదని పొద్దుట్నుంచి కూకున్నాం. ఏట మానుకున్నాం. మా ఇళ్ళ సంగతి మాకు సెప్పమన్నాం. సెప్పనేదు. ఈమెకి తెలుసు. తెలిసీ, కావాలనే సెప్పనేదు."

హైమవతి వేలు పలక మీద ఆగిపోయింది.

"కావాలని కాదమ్మా."

"మరేటి?"

"నాకు చేతకాలేదు. చేతకాక చెప్పలేదు అని రాస్తాను."

"అబద్దం" అంది కాసులమ్మ. "మొదటి రెండు మాటలు ఎంత సక్కగ సెప్పావు! కడుపులోకి దిగిపోనాయి. మూడో మాటకాడ నోట్లో ఏటడ్డం పడ్డాది? నానేటి ఎర్రిదాన్నా? నువ్వు మానేసేవు. నీ కళ్ళల్లో నాకు కనపడ్డాది. కావాలనే సేసేవు, అదే రాయి."

ఆవిడకి ఒక్క మాట చెప్తే చాలు. అమ్మా, ఆ మూడో మాట చెప్పి ఉంటే ఈ పొద్దుకి నీకు ఇల్లు లేదు అని. కానీ పలక వింటోంది. అది చెప్పడమంటే కావాలని చేశానని ఒప్పుకోవడం, నూట ఎనభై రోజులు మళ్ళీ మొదలవడం. రేపో ఎల్లుండో ఇంకో మంచి పంతులమ్మ వచ్చి ఆ మూడో మాట చెప్తుంది. హైమవతికి జీవితంలో మొదటిసారి ఒక మనిషికి ఒక సంగతి అర్థం కాకుండా ఒప్పించవలసి వచ్చింది. ఆ విద్య ఆమెకి రాదు.

వంగి కాసులమ్మ పాదాలు పట్టుకుంది.

"అమ్మా, కావాలని అని రాస్తే నా బతుకు పోతుంది. ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తారు. చేతకాక అని ఒక్కమాట మార్చనీ. నీ బిడ్డలాంటిదాన్ని."

ఆడవాళ్ళు విస్తుపోయారు. ఒకామె "సీ, ఇంత సదువుకుని" అని మొహం తిప్పుకుంది. కాసులమ్మ కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. వంగి కిందకి చూసింది.

"పిల్లలున్నారేటి?"

"ఒక్కత్తే కూతురు."

"మొగుడు?"

"పోయాడు."

కాసులమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. వెనకున్నవాళ్ళతో అంది, "ఒకరి కూట్లో మన్ను కొట్టడం మా ఇంటా వంటా నేదు. పోనీండి. సేతకానిదని రాసుకోమంటే ఆమె రాసుకుంటానంటాది గదా, మనకేటి?" ఇటు తిరిగి, "లెగు. రాసుకో. సేతకాక సెప్పనేదని రాసుకో. మా మాటల్లోనే సదువు."

హైమవతి రాసింది. చేపల వేటకి పోకుండా పొద్దుట్నుంచి కూర్చున్న సంగతి, టీ కాచి పెట్టిన సంగతి, అర్థమయ్యేలా చెప్పమని బతిమాలిన సంగతి, ఆమె నలభై పేజీలు గొణిగిన సంగతి, ఆమెకి చెప్పడం చేతకాదన్న సంగతి. ఎనిమిది చిన్న వాక్యాలు. చదివి వినిపించింది. కాసులమ్మ చేతికి ఇంకా పట్టీ ఉంది. పలక మీద అంకె తొంభై ఎనిమిదికి వెళ్ళి, పట్టీ కిర్రుమంది.

కాసులమ్మ బొటనవేలు పలక మీద ఆనించింది.

చెవిలో ఫల్గుణరావు ఏదో అరుస్తున్నాడు. నాగులపేటలో అంటిన చట్టం ఆగిపోయిందట, దాని వెనక మరో మూడు ఊళ్ళలో, ఆ వెనక ఇంకా పోతున్నాయట, ఎవరూ ఆపలేకపోతున్నారట. హైమవతి చెవిలోది తీసి సంచిలో పడేసి, పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ చెయ్యి చాపి విప్పించుకుని, ఆమె మొహం చూడకుండా ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆఖరున కాసులమ్మ మిగిలింది.

పట్టీ విప్పించుకుని ఆవిడ మణికట్టు రుద్దుకుంది. కోపం పోయి, జాలి మిగిలింది ఆ మొహంలో.

"ఒక మాట సెప్తాను, ఏటనుకోకు. రేపట్నుంచి ఇంకే పనేనా సూసుకో తల్లీ. కూరలమ్ముకో, కూలికెల్లు. నలుగురికీ నాలుగు మాటలు సెప్పే పని నీది కాదు."

"అవునమ్మా" అంది హైమవతి.